గీసి చెరిపే పౌచ్‌లు: లెక్క ఒక్కటే, ఆసరా ఎవరికి తగ్గది వాళ్లకి

ఏ4 కాగితం పట్టే పారదర్శక ప్లాస్టిక్ సంచి, చుట్టూ రంగు అంచు, పైన తగిలించుకోవడానికి లోహపు రింగుతో ఒక కన్నం. లోపల వర్క్‌షీట్ పెట్టి, ప్లాస్టిక్ మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో రాసి, గుడ్డతో తుడిచేస్తారు. డ్రై ఎరేజ్ పౌచ్ అంటే ఇంతే. పది చొప్పునో ముప్పై చొప్పునో కట్టలుగా అమ్ముతారు. దీన్ని అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది కాగితం ఆదా గురించి. అది నిజమే కానీ, అసలు గుణం అది కాదు. దూరం నుంచి చూస్తే క్లాసులో పౌచ్‌లన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి కాగితం మాత్రం ఏ పిల్లకి కావలసినట్టు ఆ పిల్లకి మార్చుకోవచ్చు. రకరకాల స్థాయిల పిల్లలున్న క్లాసులో ఇంతకంటే పనికొచ్చే ప్లాస్టిక్ ముక్క ఇంకోటి లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. తెలివైనవాళ్లకి ఒక షీటు, వెనకబడ్డవాళ్లకి ఇంకో షీటు ఇద్దామని కొంటే ఇది దండగ. ఆ పనికి జిరాక్స్ చాలు. అందరికీ ఒకే లెక్క ఇచ్చి, పక్కన ఉండే సాయాన్ని మాత్రం మార్చడానికి కొంటేనే దీని విలువ తెలుస్తుంది. చివరి పది నిమిషాలు క్లాసంతా కలిసి ఆ లెక్క గురించి మాట్లాడుకోవాలంటే అందరి ముందూ అదే లెక్క ఉండాలి కదా. మూడు రకాల షీట్లు పంచిన రోజు ఆ చర్చ సాగదు. ఒకరు జవాబు చెబుతుంటే మిగతా ఇద్దరూ అది మాది కాదన్నట్టు కిటికీలోంచి చూస్తుంటారు.

కొనేముందు చూడాల్సినవి

మొదట ప్లాస్టిక్. మెత్తగా, బట్టలా వంగేది చాలావరకు పీవీసీ. దాన్ని మెత్తబరచడానికి కలిపే పదార్థం లేజర్ ప్రింటు టోనర్‌ని, అంటే అచ్చు వేసే పొడి సిరాని, తనవైపు లాగుతుంది. అందుకే ఒకే షీటుని వారాల తరబడి లోపల వదిలేస్తే అక్షరాలు ప్లాస్టిక్‌కి అంటుకుపోతాయి, షీటు తీసినా పాత లెక్క పౌచ్‌లోనే ఉండిపోతుంది. పాలీప్రొపిలీన్ రకం కాస్త గట్టిగా, చప్పుడు చేస్తూ ఉంటుంది. దానికి ఈ బెడద లేదు గానీ, ఒకసారి మడత పడితే ఆ తెల్లగీత ఇక పోదు. పిరియడ్ అవగానే షీటు తీసేసే అలవాటు ఉన్న క్లాసుకి పీవీసీ అయినా పర్వాలేదు. అలవాటు లేకపోతే పాలీప్రొపిలీనే మేలు.

తర్వాత అంచు. వేడితో అతికించిన అంచు కింది మూలల్లో ముందు విడిపోతుంది, ముఖ్యంగా లోపల గట్టి అట్ట దూర్చినప్పుడు. కుట్టు అంచు ఎక్కువకాలం నిలుస్తుంది. అట్ట మాత్రం దూర్చక తప్పదు. ఉత్త కాగితంతో పౌచ్ పైకెత్తితే తోటకూర కాడలా వాలిపోతుంది, ఒళ్లో పెట్టుకుంటే రాయడానికి ఆనదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) అట్ట ఏ4 సైజులో ఒకటి వెనక పెడితే రెండు సమస్యలూ తీరతాయి. పౌచ్ రెండు వైపులా పారదర్శకంగా ఉండేది తీసుకోండి. వెనకవైపు ఎందుకు అవసరమో కింద వస్తుంది.

మూడోది మెరుపు. నున్నటి పౌచ్ మీద ట్యూబులైట్ పడితే పిల్లలు పైకెత్తినప్పుడు టీచరుకి కనిపించేది జవాబు కాదు, లైటు. ముందు వరుసలో కూర్చున్న చూపు తక్కువ పిల్లకైతే తన పౌచ్ తనకే కనపడదు. లైటు కింద కొంచెం వంచి పట్టుకుని, మూడు మీటర్ల దూరం నుంచి ఇంకొకరిని చదవమనండి. చదవలేకపోతే కొనకండి.

నాలుగోది రంగు అంచులు, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఒకే కట్టలో ఐదారు రంగుల అంచులు వస్తే, వాటిని చూడగానే ఎర్ర అంచు ఒక స్థాయికి, నీలం ఇంకో స్థాయికి అని పంచాలనిపిస్తుంది. అలా పంచితే రెండు రోజుల్లో క్లాసు మొత్తానికి 'ఎర్రవాళ్లు' ఎవరో తెలిసిపోతుంది, మూడోరోజు నుంచి ఎర్ర పౌచ్ ముట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. రంగులు ఎలా పడితే అలా పంచండి, లేదా ఒకే రంగు కట్ట కొనండి. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగపిల్లలు క్లాసుకి ఒకరిద్దరు ఉండటం వింతేమీ కాదు.

మార్కర్, షీటు

కట్టతోపాటు వచ్చే మార్కర్లు సాధారణంగా లావు మొనవి. బోర్డుకి సరిపోతాయి, వర్క్‌షీట్‌కి కాదు. 1 నుంచి 2 మి.మీ. మొన ఉన్నవి విడిగా తీసుకోవాలి. అయినా పెన్సిల్ కోసం చేసిన షీటు ఇక్కడ పనికిరాదు. అక్షరాలు 16 నుంచి 18 పాయింట్లు, జవాబు రాసే ఖాళీ కనీసం 15 మి.మీ. ఎత్తు ఉండాలి. తెలుగు రాయించే షీటైతే 20 మి.మీ. వదలండి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒకదాని కింద ఒకటి రెండు ఒత్తులు దిగుతాయి. ఇంగ్లిష్ నాలుగు గీతల షీటునే తెలుగుకి వాడితే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస తలకట్టు మీద కూర్చుంటుంది. తప్పు పిల్లదని అనుకుంటాం, నిజానికి గీతలది.

వాడకం: దశాంశాలతో ఒక పిరియడ్

పిరియడ్ 40 నిమిషాలు, పిల్లలు 36 మంది, పాఠం దశాంశ సంఖ్యలు పోల్చడం అనుకుందాం. మొదటి ఐదు నిమిషాలు పౌచ్‌లో ఉత్త తెల్లకాగితమే ఉంటుంది, అంటే అది చిన్న వైట్‌బోర్డు అన్నమాట. బోర్డు మీద ఒక్కో జత రాసి, పెద్దది ఏదో రాయమనండి, సమానమైతే = గుర్తు పెట్టమనండి.

0.35, 0.4
0.75, 0.3
0.4, 0.40

'మూడు, రెండు, ఒకటి, చూపించండి' అనేదాకా పౌచ్ ఎవరివైపు వాళ్లు తిప్పి పట్టుకోవాలి. బోర్లా పెట్టనివ్వకండి, తడి సిరా బల్లకి అంటుకుంటుంది. ఒక్కో జతకీ విడిగా ఎత్తించండి. మూడూ ఒకేసారి ఎత్తిస్తే 108 జవాబులు ఒక్క చూపులో చిక్కవు.

ఈ మూడు జతల్ని ఊరికే ఎంచలేదు. మొదటిదాంట్లో 0.35 పెద్దదని, రెండోదాంట్లో 0.75 పెద్దదని రాసినవాళ్లు బిందువు తర్వాతి అంకెల్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. 35, 4 కంటే పెద్దది కాబట్టి 0.35 పెద్దది అన్నది వాళ్ల లెక్క. రెండోది సరిగ్గా రావడం కాకతాళీయం. మొదటిది సరిగ్గా చేసి రెండోదాంట్లో 0.3 పెద్దదన్నవాళ్లది దానికి తలకిందుల తప్పు. బిందువు తర్వాత అంకెలు పెరిగేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయన్న సగం నిజాన్ని పట్టుకుని, పొట్టి సంఖ్యే ఎప్పుడూ పెద్దదని తీర్మానించుకున్నారు. మొదటి జత ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే వీళ్లంతా 'వచ్చినవాళ్ల' కింద లెక్కపడేవాళ్లు. మూడోది మాత్రమే తప్పినవాళ్లకి చివరి సున్నాతోనే ఇబ్బంది. మూడూ సరిగ్గా చేసినవాళ్లు మిగతావాళ్లు.

అంటే ఇక్కడ నాలుగు గుంపులు మార్కుల్ని బట్టి కాక, తప్పు రకాన్ని బట్టి పడ్డాయి. హాజరు పట్టీ మీద పేరు పక్కన 1, 2, 3, 0 అని (0 అంటే ఏ తప్పూ లేని నాలుగో గుంపు) ఒక్క అంకె వేసుకుంటే చాలు. మూడు వారాలు గడిస్తే ఆ అంకెలే చెబుతాయి, ఎవరు ఏ తప్పు దాటారో, ఎవరు అక్కడే తిరుగుతున్నారో.

ఇప్పుడు పట్టీలు, అంటే ఒక్కో గుంపుకి తగ్గ ఆసరా అచ్చువేసిన కాగితపు ముక్కలు. ఏ4 కాగితాన్ని ఐదు సమాన ముక్కలు చేస్తే ఒక్కో పట్టీ సుమారు 59 మి.మీ. ఎత్తు, 210 మి.మీ. వెడల్పు వస్తుంది. లెక్కల షీటు అందరికీ ఒకటే, దాని అడుగున 60 మి.మీ. ఖాళీ వదిలి అచ్చు వేయించాలి. పట్టీ పౌచ్ లోపల ఆ ఖాళీ మీద కూర్చుంటుంది. మొదటి గుంపు పట్టీ మీద నూరు గడుల చదరాలు రెండు, ఒకదాంట్లో 35 గడులు, రెండోదాంట్లో 40 గడులు నింపి ఉంటాయి. రెండో గుంపుకీ చదరాలే, కానీ 75, 30 గడులు నింపినవి, ఎందుకంటే వాళ్ల నమ్మకం విరగాల్సింది ఆ జత దగ్గర. మూడో గుంపుకి పదోవంతులు, నూరోవంతులు అన్న శీర్షికలతో స్థానవిలువల పట్టిక, ఒక వరుస పూర్తిచేసి ఉంటుంది. ఏ ఆసరా అక్కరలేని నాలుగో గుంపుకి కూడా పట్టీ ఉండి తీరాలి, లేకపోతే పట్టీ ఉండటమే ఒక ముద్ర అవుతుంది. వాళ్లదాని మీద ఒక ప్రశ్న: 0.35కీ 0.4కీ మధ్య బిందువు తర్వాత రెండు అంకెలుండే సంఖ్యలు ఎన్ని? మూడు అంకెలవి ఎన్ని? రెండంకెలవి నాలుగని చటుక్కున చెబుతారు. 0.360ని, 0.370ని కూడా లెక్కపెట్టాలా వద్దా అన్న చోట ఆగుతారు. ఆగాలనే ఆ ప్రశ్న.

ఏ గుంపులో ఎందరు పడతారో ముందే తెలియదు కాబట్టి ఒక్కో రకం 15 పట్టీలు, అంటే మూడేసి కాగితాలు అచ్చు వేయించండి. 36 లెక్కల షీట్లు, 12 పట్టీ కాగితాలు, మొత్తం 48. వాటి మీద ఎవరూ రాయరు గనక నాలుగు సెక్షన్లకి అవే సరిపోతాయి. మామూలు వర్క్‌షీట్లయితే లెక్కల షీట్లే 144 అయ్యేవి. పంచేటప్పుడు పేరు పిలిచి ఇవ్వకండి. పిల్లలు మొదటి లెక్క చేస్తుండగా నాలుగు కవర్లు పట్టుకుని వరుసల వెంట నడుస్తూ బల్ల మీద బోర్లా వేసుకుంటూ పోతే మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ఈ పద్ధతిలో టీచర్లు మరిచిపోయేది పట్టీ తీయడం. వరసగా రెండు లెక్కలు సరిగ్గా వస్తే పిల్లే పట్టీని లాగి అట్ట వెనక్కి తోసేయాలి, తప్పితే మళ్లీ ముందుకి తెచ్చుకోవాలి. రెండు వైపులా పారదర్శకమైన పౌచ్ కావాలన్నది ఇందుకే. పట్టీ వెనక్కి పోయిందా లేదా అన్నది టీచరు వెనక వరుసల నుంచి నడుస్తూ కూడా చూడొచ్చు. ఇలాంటి సాయాన్ని 'స్కాఫోల్డింగ్' అంటారు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ వ్యాసంలో వాడిన మాట ఇది. ఇల్లు కట్టేటప్పుడు కట్టే సారువ లాంటిది. గోడ లేచాక కూడా సారువ విప్పకపోతే అది అడ్డమే అవుతుంది. వచ్చిన పిల్లకి పూర్తిగా చేసి చూపించిన ఉదాహరణ ముందు పెడితే, తనకి తెలిసినదాన్నీ ఆ కాగితం మీద ఉన్నదాన్నీ పోల్చుకోవడంలోనే బుర్ర ఖర్చయిపోతుంది, లెక్క నెమ్మదిస్తుంది.

ఎక్కడ తేడా వస్తుంది

చెరిపితే పోవడమే దీని సుగుణం, అదే పెద్ద దోషం కూడా. టీచరుకి పనికొచ్చేది తప్పు అడుగు. అది టీచరు దగ్గరికి వచ్చేలోపు బొటనవేలితో మాయమైపోతుంది. మొదటిరోజే ఒక నియమం పెట్టాలి: పిరియడ్ మధ్యలో తుడవడం లేదు, తప్పైతే అడ్డగీత గీసి పక్కన రాయాలి. షీటులో ఆఖరి లెక్క మాత్రం నోటుబుక్కులో చేయించండి. రెండు నెలల తర్వాత చూసుకోవడానికి మిగిలేది అదొక్కటే.

ఎడమచేత్తో రాసేవాళ్లకి ఈ పౌచ్ మొదట్లో శిక్షే. రాస్తూ ఎడమ నుంచి కుడికి పోతుంటే చెయ్యి అప్పుడే రాసినదాని మీదుగా జరుగుతుంది, వరుస చివరికి చేరేసరికి మొదటి అంకె అరచేతిలో ఉంటుంది. పౌచ్ పైభాగాన్ని కుడివైపుకి వాలేలా తిప్పి పెట్టిస్తే చెయ్యి గీత కిందికి వస్తుంది. అప్పటికీ కుదరకపోతే తడిగుడ్డతో మాత్రమే పోయే వెట్ ఎరేజ్ మార్కర్ ఇవ్వండి. దాన్ని మిగతా మార్కర్లలో కలవనివ్వకూడదు.

చేతిరాత సాధనకి మాత్రం దీన్ని వాడకండి, అమ్మేవాళ్లు ఎంత చెప్పినా సరే. పెన్సిల్ కాగితాన్ని రాసుకుంటూ పోతుంది, ఆ పట్టు వల్లే వేలికి అదుపు వస్తుంది. నున్నటి ప్లాస్టిక్ మీద మొన జారిపోతుంది. వేళ్ల పట్టు బలహీనంగా ఉన్న పిల్లలకి వట్రుసుడి దాని మానాన అది సాగుతుంది. వాళ్లకి లావు మార్కర్ పట్టుకోవడం తేలికే, కాబట్టి చుట్టు గీయడం, జతపరచడం, గుర్తు పెట్టడం లాంటి పనులకి పౌచ్ బాగుంటుంది. అక్షరాలు దిద్దించడానికి కాగితమే.

డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలకి లోపల తళతళలాడే తెల్లకాగితం బదులు లేత మీగడ రంగు కాగితం, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం పెట్టండి. మొత్తం క్లాసుకీ అదే రంగు వాడితే ఎవరూ విడిగా కనపడరు, నష్టపోయేవాళ్లూ లేరు. ధ్యాస నిలవని పిల్లకి ఇంకా తేలికైన ఉపాయం ఉంది. ముదురు రంగు అట్టముక్కని షీటు మీదుగా పౌచ్‌లో దూర్చితే ఒక్క లెక్కే బయటికి కనిపిస్తుంది. అది అయ్యాక అట్టని ఒక అంగుళం కిందికి జరపడం. ఎనిమిది లెక్కలు ఒక్కసారి కనపడితే మొదటిది కూడా మొదలుపెట్టని పిల్ల, ఒక్కటే కనపడితే చేస్తుంది.

లామినేషన్ చేసిన షీట్లతో పోలిస్తే పౌచ్ ఒకే చోట గెలుస్తుంది: లోపలిది మార్చొచ్చు. ఎక్కం పట్టికలు, అంకెల గీత లాంటి మారనివాటికి లామినేషనే నయం, అది మెరుగ్గా తుడుచుకుపోతుంది. ట్యాబ్‌లో ప్రశ్నని పిల్ల స్థాయికి తగ్గట్టు మార్చే యాప్‌లు ఉన్నాయి. సాధన చేయించడానికి మంచివే. కానీ నాలుగింట్లో ఒకటి ఎంచుకోమన్నప్పుడు పిల్ల 0.35ని ఎందుకు ఎంచుకుందో తెర చెప్పదు.

కట్టతో 'మూడు స్థాయిల వర్క్‌షీట్లు' ఉచితమంటే సంబరపడకండి. చాలావాటిలో స్థాయి అంటే తేలిక షీటులో ఐదు లెక్కలు, కష్టం షీటులో పదిహేను. వచ్చినవాళ్లకి అదే లెక్క మూడింతలు చేయించడం సవాలు కాదు, శిక్ష. చూసి నేర్చేవాళ్లకి, విని నేర్చేవాళ్లకి, చేసి నేర్చేవాళ్లకి విడివిడి కార్డులు అంటూ అమ్మేవాటిని అక్కడే వదిలేయండి. పిల్లల్ని అలా విభజించి బోధిస్తే లాభం ఉంటుందని చెప్పడానికి తగిన రుజువు లేదని 2008లోనే పాష్లర్, అతనితోటి మనస్తత్వ శాస్త్రవేత్తలు సమీక్షించి తేల్చారు. చదరాల పట్టీ అందరికీ కంటికి కనిపించేదే. దాని అవసరం 'చూసి నేర్చే' పిల్లకి కాదు, 35ని 4 కంటే పెద్దదనుకున్న పిల్లకి.

36 మందికి 40 పౌచ్‌లు, 40 అట్టలు, 50 మార్కర్లు తీసుకోండి. ముందు తగ్గేది మార్కర్లే. మూత 'టిక్' అనేదాకా నొక్కకపోతే రాత్రికే ఎండిపోతాయి, నిలబెట్టి దాస్తే సిరా ఒక కొసకి దిగిపోతుంది, కాబట్టి పడుకోబెట్టి దాచండి. డస్టర్లు అక్కరలేదు, పాత నూలుగుడ్డ అరచేతంత ముక్కలు చాలు, వారానికోసారి ఉతికించండి. సిరా నిండిన గుడ్డ తుడవదు, పులుముతుంది. వారాంతానికి ముందు రాత వదిలేసిన పౌచ్ మీద నీడ మిగిలితే, అదే రాత మీద కొత్త మార్కర్‌తో మళ్లీ గీసి తడి ఆరకముందే తుడవండి. కొత్త సిరాలోని ద్రావకం పాతదాన్ని కరిగించుకుపోతుంది. పొరపాటున పర్మనెంట్ మార్కర్‌తో రాసినా ముందు ఇదే ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే గుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, పిల్లలు లేని సమయంలో, కిటికీ తెరిచి తుడవాలి. పీవీసీ మీద మాటిమాటికీ అలా చేస్తే పైపొర మసకబారుతుంది. మసకబారినవాటిని పారేయక్కర్లేదు, పట్టీలు దాచే కవర్లుగా అవే పనికొస్తాయి.